కొల్లేటి చేపల పులుసు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, ఉత్తరాన ఏలూరు, ఈశాన్యాన తాడేపల్లిగూడెం, దక్షిణాన కైకలూరు, ఆగ్నేయాన ఆకివీడు పట్టణాలు చుట్టి ఉన్న కొల్లేటి పల్లపు సీమలో, మంచినీటి చేపను చింతపండు రసంలో ఉడికించి అన్నంలోకి వడ్డించుకునే వంటకం కొల్లేటి చేపల పులుసు. ఇది ఒకే పాకవిధానం గల వంటకం కాదు. సరస్సులో ఏ రుతువున ఏ చేప పడితే ఆ చేపకు తగినట్టు పులుపు, కారం, ఉడుకు మార్చుకుంటూ లంక గ్రామాల ఆడవారు తరతరాలుగా చేతివాటంగా కాపాడుకొస్తున్న ఒక వంటల కుటుంబమని దీన్ని చెప్పవచ్చు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసే వాన నీటితో నిండి, ఉప్పుటేరు అనే ఒకే కాలువ ద్వారా బంగాళాఖాతంలోకి పోయే ఈ సరస్సు స్వభావం తెలియకుండా ఈ పులుసు పుట్టుకను గాని, దాని చుట్టూ అల్లుకున్న కథలను గాని అర్థం చేసుకోవడం కష్టం.

పేరు, స్వరూపం

పులుసు అనే మాటకు మూలం పులుపును తెలిపే ద్రావిడ ధాతువు. తెలుగులో పులుపు, పులియడం, పులిహోర అనే మాటలకూ, తమిళ మలయాళాల్లోని పుళికీ ఇదే మూలం. పదాది పకారం కన్నడంలో హకారంగా మారడం వల్ల అక్కడ అదే మాట హుళి అయింది, కర్ణాటకలో పప్పు, కూరగాయలు వేసి పుల్లగా కాచే వంటకాన్ని నేటికీ హుళి అనే పిలుస్తారు. వంటకానికి అందులోని చేప పేరో, పాత్ర పేరో గాక రుచి పేరే స్థిరపడడాన్ని బట్టి, ఈ వంటలో పులుపే ప్రాణమని పేరు పెట్టినవారు తలచారని గ్రహించవచ్చు. తెలుగు వంటింట్లో పులుసుకు చాలామంది దాయాదులు ఉన్నారు. పలుచగా కాచేది చారు, కూరగాయ ముక్కలు పెద్దవిగా తరిగి చిక్కగా కాచేది దప్పళం, పొయ్యి ఎక్కించకుండా కలిపేది పచ్చి పులుసు, చింతపండుకు బదులు పుల్లని మజ్జిగతో చేసేది మజ్జిగ పులుసు. చేపల వంటలో పులుసుకు ఎదురుగా నిలిచేది ఇగురు. నీరంతా ఇగిరిపోయి మసాలా ముక్కకు పట్టేదాకా ఉడికించడం ఇగురు పద్ధతి అయితే, ముక్క రసంలో మునిగి ఉండగానే దించడం పులుసు పద్ధతి.

పులుసు వండే తీరులో ప్రధానాంశాలు ఈ ప్రాంతమంతటా ఒకేలా ఉంటాయి. చేపను బూడిదతోనో రాళ్ల ఉప్పుతోనో గరుకు రాతి మీద రుద్ది జిగురు పోగొట్టి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెడతారు. వెడల్పాటి మట్టి దాకలో నువ్వుల నూనె కాచి, మెంతులు వేసి, ఉల్లిపాయను ముద్దగా నూరి గాని సన్నగా తరిగి గాని ఎర్రబడేదాకా వేయిస్తారు. తర్వాత కారం, ధనియాల పొడి వేసి, పిసికి వడకట్టిన చింతపండు రసం పోసి, అది తెర్లుతున్నప్పుడు ముక్కలు జారవిడుస్తారు. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదన్నది అందరూ పాటించే నియమం. దాక అంచులను గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదిపితే ముక్క చిదరకుండా రసం అన్ని వైపులకూ పాకుతుంది. పులుసు చిక్కదనం కోసం పిండి కలిపే అలవాటు ఇక్కడ లేదు. ఉల్లి ముద్ద, చింతపండు గుజ్జు, చేపలోంచి దిగే జిగురు ఈ మూడే ఆ పని చేస్తాయి. దించే ముందు జీలకర్ర, వెల్లుల్లి దంచి వేయడం, కొత్తిమీర చల్లడం ఇంటింటి అభిరుచిని బట్టి ఉంటుంది.

సరస్సు చేప, మన్యపు పులుపు

కొల్లేటి పులుసుకు పేరు తెచ్చిన చేప కొరమీను. కొన్ని ప్రాంతాల్లో దీన్నే కొర్రమీను అంటారు. నీటిలోని ప్రాణవాయువుతో పాటు గాలిని కూడా నేరుగా పీల్చుకోగల అవయవం దీనికి తల భాగంలో ఉంటుంది. వేసవిలో నీరు తగ్గి బురద మిగిలినా ఇది బతికి ఉండగలగడానికీ, బజారులో తొట్టెలోనో గంపలోనో ప్రాణంతో అమ్ముడుపోవడానికీ కారణం అదే. ముళ్లు తక్కువ, కండ గట్టి, పులుసులో ఎంత ఉడికినా ముక్క విడిపోదు. దీని జ్ఞాతి అయిన మట్టగిడస, బురదలో దాగే మార్పు, ముల్లు గుచ్చితే మంట పుట్టించే ఇంగిలాయి, పొడవాటి మూతితో పాములా కనిపించే బొమ్మిడాయి, వెడల్పాటి నోటి వాలుగ, మీసాల జెల్ల, వెండి రేకుల్లాంటి చిన్న పరిగెలు కూడా ఈ సరస్సు పులుసు దాకలోకి వచ్చేవే. వీటిలో బొమ్మిడాయిల పులుసుకు గోదావరి జిల్లాలంతటా ప్రత్యేకమైన అభిమానులు ఉన్నారు.

కొల్లేటి పులుసు అంటే కొరమీను పులుసే అని నేటి భోజనశాలలు ప్రచారం చేస్తున్నప్పటికీ ఆ మాట సగమే నిజం. ప్రాణంతో ఎక్కువసేపు నిలిచి, మంచి ధర పలికే చేపను పట్టినవారు ముందుగా అమ్మకానికే పంపుతారు. మావుల్లో, అంటే వెదురు బద్దలతో అల్లి నీటి దారిలో పెట్టే బోనుల్లో, ఊతల్లో, అంటే లోతు తక్కువ నీటిలో పైనుంచి గుచ్చి చేపను బంధించే అడుగులేని బుట్టల్లో మిగిలిన చిన్నాచితకా చేపలే ఇంటి పొయ్యి మీదికి చేరతాయి. లంక గ్రామాల నిత్యభోజనంలోని పులుసు కలగూర పులుసే అనుకోవడం సమంజసం. ఆ చిన్న చేపల ముళ్లు మెత్తబడాలంటే ఎక్కువసేపు సన్నని సెగ మీద పుల్లని రసంలో ఉడకాలి. కొల్లేటి వంటకు పులుపు అవసరమైన తీరు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ అవసరానికి రసాయనశాస్త్రం కూడా సాక్ష్యం చెబుతుంది. చేపకు నీచువాసన తెచ్చేవి అమీన్లనే క్షారగుణం గల పదార్థాలు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వాటితో కలిసి ఆవిరిగా లేవని లవణాలుగా మారుస్తుంది కనుక వాసన అణగుతుంది. నిలవ నీటి చేపల్లో, బురదను అంటిపెట్టుకుని తిరిగే చేపల్లో మట్టివాసన కలిగించే జియోస్మిన్ అనే పదార్థం కూడా ఆమ్లంలో విచ్ఛిన్నమవుతుంది. సముద్రపు చేపకన్నా చెరువు చేపకు, సరస్సు చేపకు పులుపు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. నేటి పులుసుకన్నా నిన్నటి పులుసు రుచి అని తెలుగునాట ఊరూరా వినిపించే మాటకు కూడా ఆధారం ఉంది. రాత్రంతా నిలిచిన రసం ముక్క లోపలికి ఇంకుతుంది, చర్మం నుంచీ ముళ్ల నుంచీ దిగిన జిగురు చల్లబడి రసాన్ని పేరుకునేలా చేస్తుంది, ఆమ్లమూ ఉప్పూ కలిసి చెడిపోవడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి. పడవల మీద రాత్రుళ్లు గడిపే జాలరులకు తెల్లవారి చద్దన్నంలోకి ఇంతకన్నా అనువైన కూర ఉండదు.

చింత ఆఫ్రికా ఖండానికి చెందిన చెట్టు అయినా మిక్కిలి ప్రాచీన కాలంలోనే భారతదేశంలో నాటుకుని, ఇక్కడి వంటలో ఎంతగా కలిసిపోయిందంటే అరబ్బు వర్తకులు దానికి హిందూదేశపు ఖర్జూరం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే ఐరోపా భాషలకు పాకింది. నీరు నిలిచే కొల్లేటి పల్లంలో చింత తోపులు తక్కువ. పోలవరం, బుట్టాయగూడెం వైపు మన్యంలో చింతపండు సేకరణ గిరిజనులకు ఒక ముఖ్య జీవనాధారం, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి నుంచి కొనే అటవీ ఉత్పత్తుల్లో అది ప్రధానమైనది. ఉల్లి మాట తీసుకుంటే, కర్నూలు వంటి దూర ప్రాంతాల నుంచి వచ్చే సరుకును గోదావరి జిల్లాలకు పంచిపెట్టే పెద్ద టోకు మార్కెట్ తాడేపల్లిగూడెంలో ఉంది. 1850ల్లో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టిన తర్వాత కృష్ణా, గోదావరి కాలువలు ఏలూరులో కలిసి, రైలు రాకముందు సరుకుల పడవలకు రాచబాటగా నిలిచాయి. సరస్సు చేప, మన్యపు చింతపండు, మెట్ట పొలాల ఉల్లి, సముద్రతీరపు ఉప్పు ఒక దాకలో కలవడానికి ఏలూరు వంటి కూడలి ఊరు ఎంత అవసరమో దీన్ని బట్టి తెలుస్తుంది.

పులుసు ప్రాచీనత

చేపను పుల్లని రసంలో వండడం దక్కనులో పాత పద్ధతే. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో చేపలు పట్టే వినోదానికి ఒక ప్రకరణమే ఉంది, అదే గ్రంథంలోని అన్నభోగ ప్రకరణం చేప ముక్కలను చింతపండు రసంతో వండడాన్ని పేర్కొంటుంది. తెలుగులో శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద దీనికి మరింత చేరువైన సాక్ష్యం. అందులోని వేసవి వర్ణనలో మామిడి ముక్కలు కలిపి వండిన చేపలు కనిపిస్తాయి, వాన కాలపు వర్ణనలో చింతచిగురుతో కలిపి వండిన పేదల ఆకుకూరలు కనిపిస్తాయి. కొల్లేటికి నైరుతి దిక్కున కృష్ణాతీరంలో ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి ఆ కావ్యం రాయమన్నాడని రాయలే చెప్పుకున్నందువల్ల, ఈ సీమ రుచులు ఆ కవికి అపరిచితం కావనుకోవచ్చు. ఎండు చింతపండు దొరకని వేళ, లేదా రుతువు మారినప్పుడు, చేపలో పచ్చి మామిడికాయ గాని చింతచిగురు గాని వేసే అలవాటు ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో నేటికీ ఉంది. ఐదు వందల ఏళ్ల కిందటి కావ్యంలోని వంట ఇప్పటి వంటింట్లో గుర్తుపట్టగలిగేలా ఉండడం చిన్న విషయం కాదు.

అయితే ఆనాటి పులుసు రంగు నేటి ఎరుపు కాదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన కొత్త సరుకు. అంతకు ముందు కారం అంటే మిరియమే, మిరపకాయ అన్న పేరు కూడా మిరియం నుంచే వచ్చింది. కనుక వేంగి చాళుక్యుల కాలంలో, అంటే ఏలూరు పక్కనున్న పెదవేగి రాజధానిగా ఉన్న రోజుల్లో, కొల్లేటి ఒడ్డున ఉడికిన పులుసు మిరియపు ఘాటుతో, పసుపు చింతపండు కలిసిన గోధుమ రంగుతో ఉండి ఉండాలి.

సరస్సు కథలు

కొల్లేరు పేరు చరిత్రలో వంట కారణంగా గాక యుద్ధం కారణంగా ముందు వినిపిస్తుంది. బాదామి చాళుక్య రాజు రెండవ పులకేశి విజయాలను కీర్తిస్తూ 634లో రవికీర్తి రచించిన ఐహొళె శాసనంలో, హతులైన యోధుల నెత్తుటితో ఎరుపెక్కిన కునాల జలాల వర్ణన ఉంది. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. ఆ తర్వాతి కాలపు జానపద కథలు కూడా యుద్ధం చుట్టూనే తిరగడం గమనించదగినది. సరస్సు నడుమ దీవిగా ఉన్న కొల్లేటికోటలో ఒడిశా గజపతి రాజు కోట కట్టుకోగా, శత్రుసేన ఒడ్డున చిగురుకోటలో విడిది చేసి, కోట చుట్టూ ఉన్న నీటిని సముద్రంలోకి వదిలేస్తే తప్ప రాజు చిక్కడని తలచి ఉప్పుటేరు తవ్వించిందని స్థానిక కథనం. ఆ తవ్వకం ఫలించడానికి సేనాని ఒకడు కన్నకూతురినే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చిందని చెబుతారు. పేరంటాలు అంటే అకాల మరణం పొంది దేవతగా పూజలందుకునే పుణ్యస్త్రీ. భూవిజ్ఞానం ప్రకారం కొల్లేరు ఒకనాటి సముద్రపు కయ్య, రెండు నదుల ఒండ్రు రెండు వైపులా పెరుగుతూ రాగా లోపల చిక్కుకుపోయిన పల్లం. కథ చెప్పే నిజం వేరు. నీరు పోయే దారి తెరిచినవాడు దానికి వెల చెల్లించాలన్న భయం, సరస్సు మీద ఆధారపడి బతికే జనం మనసులో ఎంత గాఢంగా నాటుకుందో ఆ కథ వల్ల తెలుస్తుంది.

సరస్సులో చేపలు పట్టడమే వృత్తిగా గల వడ్డీలు, అదే గజపతుల సేనతో ఒడ్డె దేశం నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారి సంతతి తామని చెప్పుకుంటారు. వారికీ చుట్టుపక్కల గ్రామాలవారికీ ఇలవేల్పు కొల్లేటికోట పెద్దింట్లమ్మ. ఏటా ఫాల్గుణ మాసంలో జరిగే అమ్మవారి జాతరకు ఒకప్పుడు పడవల మీదనే చేరవలసి వచ్చేది. తాటి మాను తొలిచి చేసిన దోనెల్లో కుటుంబాలు కుటుంబాలుగా కిక్కిస దుబ్బుల మధ్య నుంచి వెళ్లిన రోజులను పెద్దలు తలచుకుంటారు. ఆ పాత కొల్లేటి జీవితం అక్కినేని కుటుంబరావు నవల కొల్లేటి జాడలులో సజీవంగా కనిపిస్తుంది.

చేపల చుట్టూ ఉన్న నమ్మకాలు కాలాన్ని బట్టి నడుస్తాయి. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున, అంటే జూన్ మొదటి వారం చివరన, తొలకరి చలికి ఒళ్లు తట్టుకోవడానికి చేప తినాలన్నది తెలుగునాట, ముఖ్యంగా తెలంగాణలో, బలమైన ఆచారం. హైదరాబాదులో అదే రోజున బత్తిని కుటుంబంవారు ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో మింగించేది కూడా కొరమీను పిల్లనే. దానికి వైద్యశాస్త్ర నిరూపణ లేకపోయినా జనం మాత్రం వేలాదిగా వెళుతూనే ఉన్నారు. కార్తిక మాసంలో చాలా ఇళ్లలో చేప ముట్టరు. చేప తిన్న పూట పాలు తాగకూడదన్న పట్టింపు విరుద్ధాహారం పేరుతో చరకసంహితలోనే ఉంది. ఇంట్లో తలకాయ ముక్క పెద్దవారికి వడ్డించడం మర్యాద. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి ఏటి చేపది, కొల్లేటిది కాదు. వరద కాలంలో సముద్రం నుంచి నదికి ఎదురెక్కే పులసను బెండకాయలు, ఆవకాయ ఊట కలిపి వండే పద్ధతి వేరే సంప్రదాయానికి చెందినది. రెంటినీ ఒకటిగా కలిపి రాయడం తరచూ జరిగే పొరపాటు.

వేరొక సరస్సు, వేరొక పులుసు

సరస్సు ఒడ్డున పుట్టిన పుల్లని చేపల పులుసుకు కథలు అల్లుకోవడం కొల్లేటికే పరిమితం కాదు. చైనాలోని హాంగ్‌చౌ నగరంలో పశ్చిమ సరస్సు తీరాన సాంగ్ వదిన చేపల పులుసు అనే వంటకం ఉంది. 1127లో ఉత్తరాది రాజధాని కైఫెంగ్ శత్రువుల వశం కాగా సాంగ్ వంశపు రాజులు దక్షిణానికి తరలివచ్చి హాంగ్‌చౌలో స్థిరపడ్డారు. వారితో పాటు వలస వచ్చిన ఒక వంటగత్తె, సాంగ్ ఇంటి ఐదో వదినగా పిలవబడినామె, సరస్సు ఒడ్డున చేపల పులుసు అమ్ముకుంటూ ఉండగా, 1179లో విహారానికి వచ్చిన మాజీ చక్రవర్తి గావోజోంగ్ ఆమెను పడవకు పిలిపించి రుచి చూసి, తమ పాత ఊరి మనిషి అని తెలిసి ఆదరించాడని 13వ శతాబ్దపు రచయిత చౌ మీ రాసిపెట్టాడు. అదే సరస్సుకు చెందిన పుల్లచేప అనే మరో వంటకం కథలోనూ వదినే ఉంది. దూరదేశం వెళ్లే మరిదికి ఆమె తీపీ పులుపూ కలిపి చేప వండిపెట్టగా, ఎన్నో ఏళ్ల తర్వాత ఒక విందులో ఆ రుచిని బట్టే అతడు ఆమెను గుర్తించాడట. అక్కడి పులుపు ధాన్యం పులియబెట్టి తీసిన సిర్కాది, ఇక్కడిది చెట్టు కాయది. అక్కడ రసాన్ని పిండితో చిక్కబరుస్తారు, ఇక్కడ ఉల్లితో. ఈ రెండూ ఒకదాని నుంచి మరొకటి పుట్టినవి కావు, సరస్సు చేపకు పులుపు కావాలన్న ఒకే అవసరం నుంచి వేరువేరుగా పుట్టినవి.

అసలైన తేడా కథల్లో ఉంది. హాంగ్‌చౌ పులుసుకు వండిన మనిషి పేరు, తిన్న రాజు పేరు, సంవత్సరం కూడా నిలిచాయి. కొల్లేటి పులుసును మొదట వండినామె ఎవరన్న కథ లేదు. ఇక్కడి జానపదం అంతా నీటినీ, కోటనూ, అమ్మవారినీ, బలి అయిన ఆడపిల్లనూ గుర్తు పెట్టుకుని, వంట చేసిన చేతిని మాత్రం మరిచిపోయింది. నిత్యం జరిగే పనికి కథ అక్కరలేదని జనం తలచి ఉండవచ్చు. కాని ఆ మరుపు వల్ల నష్టం జరిగింది. ఏ లంకలో ఏ చేపకు ఏ పులుపు వాడేవారన్న తెలివిడి కాగితం మీదికి ఎక్కనేలేదు.

ఇటీవలి మార్పులు

గత అయిదు దశాబ్దాల్లో ఈ పులుసులోని చేపే మారిపోయింది. 1970ల ద్వితీయార్ధంలో జాలరి సహకార సంఘాల కోసం ప్రభుత్వం సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడిదారులు ప్రవేశించి గట్లతో సరస్సును ముక్కలు చేసి శీలావతి, బొచ్చె వంటి పెంపుడు చేపలను లారీలకెత్తి బెంగాల్, అస్సాంల వైపు పంపడం మొదలుపెట్టారు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున ఉన్న నేలను కలిపే గీత. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను పెద్ద ఎత్తున పగలగొట్టారు. అప్పటికే గుర్రపుడెక్క అల్లుకుని, పట్టణాల మురుగు, పొలాల ఎరువులు, పురుగుమందులు కలిసి, స్వేచ్ఛగా ఈదే నాటు చేపల పట్టు బాగా పడిపోయింది. శీలావతి, బొచ్చె మెత్తని కండ గలవి, ముళ్లు ఎక్కువ గలవి కనుక వాటి పులుసు తక్కువసేపు ఉడకాలి, పులుపు కూడా తగ్గించాలి. ఈ తేడా తెలియక పాత కొలతలతో వండినప్పుడే ముక్క చిదిరి రసంలో కలిసిపోతుంది.

కొరమీనును కూడా ఇప్పుడు చెరువుల్లో, తొట్లలో గుళికల మేతతో పెంచుతున్నారు. ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం బజార్లలో ప్రాణంతో దొరికే కొరమీనులో చాలా భాగం అలా పెరిగినదే. సరస్సు నీటిలో పెరిగిన బొమ్మిడాయి, ఇంగిలాయి, మట్టగిడస వానలు పడిన కొత్తలో, అదీ లంక గ్రామాల ఒడ్డున తెల్లవారుజామున వెళ్లినవారికే దొరుకుతాయి. వాటిని ఏ రాతి మీద రుద్దాలో, ఎంత చిగురు వేయాలో, దాకను ఎన్నిసార్లు కుదపాలో తెలిసిన పెద్ద వయసు ఆడవారు గుడివాకలంకలో, ఆగడాలలంకలో, కొల్లేటికోటలో ఇంకా ఉన్నారు. ఈ ప్రాంతపు కళాశాలలు, జానపద పరిశోధకులు పేరంటాల కనుమ కథతో పాటు ఆ వంటను కూడా, వండినవారి పేర్లతో సహా, ఇప్పుడే రాసి పెట్టాలి.